హాజీకి నేనిచ్చిన రాగి గుండు

నేను ఇప్పటిదాకా ఒక్క తుపాకీ కూడా పేల్చలేదు. ఈ మాట చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. దుబాయ్‌లో నా బతుకంతా తూటాల పెట్టెల మధ్యే గడిచింది మరి. అక్కడ డేరా అనే పేటలో వేట సామాన్ల దుకాణం మాది. 'మాది' అని నోరు జారుతుంది గానీ, అందులో నాదంటూ ఉన్నది కౌంటర్ కింద దాచుకున్న నీళ్ల సీసా ఒక్కటే. ముందు గదిలో గుడారాలు, కత్తులు, డేగను నిలబెట్టుకోవడానికి వేసుకునే తోలు చేతితొడుగులు, ఎడారిలో టీ కాచుకునే స్టవ్వులు ఉంటాయి. వెనక, ఇనుప తలుపున్న గదిలో తుపాకులు, తూటాలు ఉంటాయి. అవి లైసెన్సు ఉన్న ఇక్కడివాళ్లకే అమ్ముతాం. ఆ ఇనుప తలుపు వెనక స్టోర్ కీపర్‌గా పదహారేళ్లు పెట్టెలు దించి, ఎక్కించి, తుడిచి నా నడుము పోయింది.

కరోనా వచ్చిన ఏడు, కౌంటర్ మీదుండే ఇద్దరు సేల్స్‌మెన్ ఇళ్లకు వెళ్లిపోయి మళ్లీ రాలేదు. దుకాణం తిరిగి తెరిచాక ముదీర్, అంటే మా మేనేజర్, నన్ను స్టోర్‌లోంచి బయటికి పిలిచి, కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా ఒకటి చేతిలో పెట్టాడు.

"పెట్టెల మీద రాసినవన్నీ చదివింది నువ్వొక్కడివే. రేపటి నుంచి కౌంటర్‌లో నిలబడు" అన్నాడు. చొక్కా వేసుకుని వచ్చాక ఇంకో మాట చెప్పాడు. "మతం, రాజకీయం, జీతం. ఈ మూడూ కస్టమర్ దగ్గర ఎత్తొద్దు. ఖలాస్."

చదివిన మాట నిజమే. కరెంటు లైటు కింద పదహారేళ్లు కూర్చున్నవాడు ఏదో ఒకటి చదవకుండా ఎలా ఉంటాడు? నాకు తెలిసిందంతా అక్కడిదే. తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి గొట్టం, అందులో మందు, కొసన గుండు. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. కొనేవాడు అడగాల్సింది దాని గురించే, కానీ ఎవరూ అడగరు. "దూరం పోతుందా?" అంటారు. ఏ గుండైనా దూరం పోతుంది నాయనా, పోయి ఏం చేస్తుందన్నదే చూసుకోవాలి. సీసం గుండు మెత్తనిది. జంతువుకు తగలగానే దాని ముక్కు విచ్చుకుని, లోపల పెద్ద గాయం చేసి, అక్కడికక్కడే పడేస్తుంది. మేం అమ్మే రాగి గుండు గట్టిది. దగ్గర్లో, వేగం మీద తగిలితే అదీ విచ్చుకుంటుంది. దూరం వెళ్లేకొద్దీ వేగం తగ్గి, ఒక హద్దు దాటాక విచ్చుకోవడం మానేస్తుంది. గోనెసంచిలో దబ్బనం దిగినట్టు ఇటు దూరి అటు వెళ్లిపోతుంది. ఆ హద్దు ఎక్కడో పెట్టెలోని కాగితం మీద, కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాలతో ఒక పట్టికలో ఉంటుంది.

కౌంటర్ ఉద్యోగం కూర్చునే ఉద్యోగం అనుకున్నాను. నా ముఖం. షార్జా రోలాలో ఆరుగురం ఉండే గది నుంచి పొద్దున్నే బస్సెక్కితే, దుబాయ్ దారిలో బండ్లు నత్తల్లా కదులుతుంటే నిలబడే కునుకు తీసేవాణ్ని. దుకాణంలో పది గంటలు నిలబడటం. మళ్లీ నిలబడి రావడం. నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి, కిలోమీటరు దూరంలో పొట్టేలును కొట్టే తూటా ఇమ్మని నాకే పాఠాలు చెప్పేవాళ్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తల ఊపి, అడిగింది ఇచ్చి పంపేవాణ్ని.

హాజీ అలాంటివాడు కాదు. అసలు పేరు వద్దు, మేమంతా ఆయన్ని హాజీ అనే పిలిచేవాళ్లం. రస్ అల్ ఖైమా కొండల దగ్గరివాడు, డెబ్బై దాటినవాడు, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయినవాడు. మార్కెట్ హిందీ బాగా మాట్లాడేవాడు. నన్ను రఫీక్ అనేవాడు, అంటే దోస్త్ అని; ఇక్కడ మాలాంటివాళ్లందర్నీ అలాగే పిలుస్తారు. దుకాణంలోకి వస్తే ముందు నా ఆరోగ్యం అడిగేవాడు, తర్వాత మా ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగేవాడు. ఈ దేశంలో నన్ను వాన గురించి అడిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనంటే నాకు ఇష్టం, దాచుకోవడం ఎందుకు.

2022 చలికాలానికి ముందు ఒకరోజు వచ్చి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి అన్నాడు: "రఫీక్, తజికిస్తాన్ వెళ్తున్నా. కొండమేక వేట. పర్మిట్ వచ్చింది. మోకాళ్లు ఇంకొక్కసారి ఎక్కుతాయి, ఆ తర్వాత ఎక్కవు. ఇదే ఆఖరుది."

తన చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇక్కడి కొండల్లో మేకల్ని వేటాడేవాడట. ఇప్పుడు ఇక్కడ వాటిని ముట్టుకోకూడదు, అదీ మంచిదే అన్నాడు. నడుముకున్న సంచిలోంచి కొమ్ము పిడి ఉన్న చిన్న కత్తి తీసి నాకు చూపించాడు. నాన్నదట. "చాలా ఏళ్లుగా దీనికి పని లేదు. ఈసారి దీనికి పని చెప్పాలి."

తర్వాత సీసం గుండ్ల పెట్టె వైపు వేలు చూపించాడు. "పాత రోజుల్లో మేం ఇవే వాడేవాళ్లం. ఇవే తీసుకోమంటావా, వేరేవి మంచివా? నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు."

నా బుర్ర అప్పుడు ఎటు వెళ్లిందో చెబుతాను. మా జగిత్యాల వైపు పల్లెల్లో పెళ్లికో పండక్కో యాటను, అంటే మేకనో పొట్టేలునో, కోస్తే, ఇంటివాళ్లు హిందువులైనా ముల్లా సాబునే పిలుస్తారు. ఆయన సైకిల్ మీద వచ్చి, బిస్మిల్లా అని కత్తి పెట్టాలి. అప్పటిదాకా యాట బతికి ఉండాలి. మా మేనమామ కొడుకు పెళ్లికి తెచ్చిన యాట ఒకటి, తాడు మెడకు చుట్టుకుని, ముల్లా సాబు సైకిల్ దిగేలోపే ప్రాణం విడిచింది. ఆయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపి, మళ్లీ సైకిలెక్కాడు. అంత పెద్ద యాటను ఎవరూ ముట్టలేదు. పెళ్లివారికి ఆ పూట పప్పుచారే గతి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి నాకు తెలిసిన హలాల్ అంటే అదే: కత్తి చేరేదాకా జీవం ఉండాలి.

హాజీ కత్తి చూపించగానే నాకు ఆ యాటే కళ్లముందు మెదిలింది. నాలుగొందల మీటర్ల అవతల మేక. మధ్యలో లోయ, రాళ్లు. ఈయన మోకాళ్లతో అక్కడికి చేరేసరికి అరగంటైనా పడుతుంది. సీసం గుండు తగిలితే మేక అక్కడికక్కడే పడి చస్తుంది. ఈయన వెళ్లేసరికి అది పీనుగ, తినడానికి పనికిరాదు. ఆఖరి వేట మట్టిపాలు. అదే రాగి గుండైతే అంత దూరంలో విచ్చుకోదు, సన్నగా దూరిపోతుంది. మేక కూలబడుతుంది కానీ ప్రాణం ఉంటుంది. హాజీ నింపాదిగా వెళ్లి, నాన్న కత్తితో పని కానిచ్చుకుంటాడు.

ఎంత తెలివి. ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. మతం ఎత్తొద్దన్న ముదీర్ రెండు అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. పైగా, ఇంత తెలిసినవాణ్ని ఆ మాత్రం తెలియదా అన్న మిడిసిపాటు ఒకటి.

"రాగిదే తీసుకోండి హాజీ. మాంసం పాడవదు" అన్నాను. సగం నిజం.

"నీ మాటే ఖాయం" అని పెట్టె తీసుకున్నాడు.

వెళ్లేముందు ఆయన షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, అవే తూటాలతో మూడు వందల మీటర్ల దూరాన కాగితం మీద కొట్టి చూసుకున్నాడు. ఆ కాగితాన్ని మాకు చూపించడానికి తెచ్చాడు. మూడు చిల్లులు, మూడూ కలిపి నా అరచేతి కింద కప్పేయొచ్చు. ముదీర్ దాన్ని గోడకు అంటించి, వచ్చినవాళ్లకు చూపించి మరో నాలుగు పెట్టెలు అమ్ముకున్నాడు. నేనూ గర్వపడ్డాను. కాగితానికి ప్రాణం ఉండదనీ, దాన్ని ఏ గుండైనా ఒకేలా చిల్లు చేస్తుందనీ అప్పుడు ఆలోచించలేదు.

నెల తర్వాత హాజీ వచ్చాడు. ఆ రోజు నా ఆరోగ్యం అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు గోడ మీద కాగితాన్నే చూశాడు.

"తగిలింది రఫీక్" అన్నాడు. "గైడ్ దుర్భిణిలో చూశాడు, తగిలింది అన్నాడు. నాలుగొందల అరవై మీటర్లు. మేక ఒక్కసారి వంగింది. మళ్లీ లేచి, నడుచుకుంటూ గట్టు దాటి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా రక్తం వెంట తిరిగాం. మర్నాడు మంచు పడింది. దొరకలేదు."

నేను ఏదో అనాలని అడిగాను: "కత్తి వాడే అవకాశం రాలేదా హాజీ?"

"కత్తి తోలు తీయడానికి కదా" అన్నాడాయన. "ట్రిగ్గర్ నొక్కేముందు బిస్మిల్లా అన్నాను. వేటలో అదే లెక్క. అక్కడికక్కడే చచ్చినా హలాలే. నేను కోరుకుంది అదే, అక్కడికక్కడే పడిపోవాలని. పడలేదు." తన కుడిచెయ్యి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "చెయ్యి వణికినట్టుంది. ఎక్కడో పొట్టలో తగిలి ఉంటుంది. ముసలితనం."

పదహారేళ్లు చదివిన చదువు, ఆ పట్టిక, ఆ హద్దు, అన్నీ నాకు తెలుసు. ఆయన చెయ్యి వణకలేదనీ తెలుసు. నోరు తెరిచి చెప్పాల్సింది ఒక్క వాక్యం. పక్కన ముదీర్ ఉన్నాడు. ఆ నెలలోనే నా వీసా రెన్యూవల్ ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"గాలి కూడా ఉంటుంది హాజీ, కొండల్లో" అన్నాను చివరికి. అంతకన్నా నీచమైన మాట నా జన్మలో అనలేదు.

వారం తిరక్కుండానే ఆయన తుపాకీ తీసుకొచ్చి దుకాణానికే అమ్మేశాడు. లైసెన్సు కూడా వదిలేసుకుంటానన్నాడు. "చెయ్యి చెడ్డాక తుపాకీ ఉంచుకోవడం పాపం, జంతువులు ఊరికే బాధపడతాయి" అన్నాడు. కాగితాలు నింపింది నేనే. 'కారణం' అన్న గడి దగ్గర ఆగితే, "వయసు అని రాయి" అన్నాడు. రాశాను. నా దస్తూరీ బాగుంటుందని ముదీర్ ఎప్పుడూ మెచ్చుకుంటాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు నాకు అన్నం సయించలేదు. నా పక్క మంచం తమ్ముడు ఒకడున్నాడు, మా జిల్లావాడే, జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీలో పని. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కింద కూర్చుని వంకాయలు కోస్తుంటే వాడే అడిగాడు.

"ఏందన్నా, పదిహేను దినాలసంది సూస్తున్న, మొఖం గట్ల వేలాడేసుకున్నవ్? ఇంటికాడ అంత మంచిదేనా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. వాడు కత్తి పక్కన పెట్టి విన్నాడు.

"అంటే గా ముసలాయన తన చెయ్యి వోయిందనుకుంటుండా?"

"అవును."

"చెయ్యి వోలేదని నీకెరికేనా?"

"ఎరికే."

"మరి జెప్పవేందే? తుపాకులమ్ముతవ్, నోట్లెకెల్లి ఒక్క మాట ఎల్లదా?"

"నౌకరి?"

"నౌకరి వోతే ఇంకోటి దొరుకుతది. లేకుంటె మా కంపెనీల మాట్లాడ్త. పెద్దమనిషిని అట్ల కుములవెట్టి, నువ్వేం దింటవన్నా?" అని మళ్లీ వంకాయ తీసుకున్నాడు. "దినలేకపోతున్నవ్ గద, సూస్తనే ఉన్న."

వాడు చెప్పిందే న్యాయం. అయినా వెంటనే వెళ్లలేదు. వీసా పడేదాకా ఆగాను. పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే నాకు నీతి గుర్తొచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ వాక్యం కొట్టేయాలనిపిస్తోంది, ఉండనీ.

ఫిబ్రవరిలో ఒక సెలవు రోజున హాజీకి ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు. "ఆవో, ఆవో" అని ఇంటి లొకేషన్ పంపాడు. వెళ్లేముందు రోజు ముదీర్ చూడకుండా గోడ మీది కాగితం ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. రస్ అల్ ఖైమా బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నిద్ర పట్టలేదు. ఇసుక, గోడలు, పెట్రోల్ బంకులు, మళ్లీ ఇసుక. ఏం చెప్పాలో దారంతా హిందీలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఇంటి ముందు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో, తలుపు తెరిచి పెట్టుకుని, ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తలుపులోంచి కొండలు కనిపిస్తున్నాయి. ఎండలో బోసిగా, చెట్టూ చేమా లేకుండా. ఖర్జూరాలు ముందుకు జరిపి, గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోశాడు. ఆ చిన్న కప్పుల్ని ఫింజాన్ అంటారు. ఇక చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

నేను ఊపి ఇచ్చాక చెప్పడం మొదలుపెట్టాను. మా ఊరి ముల్లా సాబు గురించి, పెళ్లిలో చచ్చిన యాట గురించి, పట్టిక గురించి, రాగి గుండు ఎందుకు విచ్చుకోదో, అది తెలిసే ఎందుకిచ్చానో. అన్నీ తప్పుడు హిందీలో, మధ్యలో ఆగుతూ చెప్పాను. ముదీర్ ముందు ఎందుకు నోరు మూసుకున్నానో కూడా చెప్పాను. కాగితం విప్పి ఆయన ముందు పెట్టాను.

ఆయన మూడు చిల్లుల మీదా వేలు పెట్టి, ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

"అంటే నా చెయ్యి వణకలేదు."

"లేదు హాజీ."

"సరిగ్గానే తగిలింది."

"సరిగ్గానే తగిలి ఉంటుంది. తప్పు నాది."

ఆయన ముఖం విప్పారింది. పదేళ్లు తగ్గినట్టు నవ్వాడు. తిడతాడనుకుని వచ్చినవాణ్ని, ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. "అడగాల్సింది కదా రఫీక్" అన్నాడు. "అడిగితే నేను కోప్పడతానా? ఇన్నేళ్లు మా మధ్య ఉండి, ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదా?" అడగందే అమ్మైనా పెట్టదంటారు మావాళ్లు. అది ఆయనకు హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. నా ఖాళీ ఫింజాన్ తీసుకుని మళ్లీ నింపాడు. ఎత్తు నుంచి సన్నటి ధార, ఒక్క చుక్క బయట పడలేదు.

కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"అయితే రఫీక్, గుండు దూరి వెళ్లిపోయింది."

"అవును హాజీ."

"ఆ మేక అలాగే నడుచుకుంటూ పోయింది."

"అవును."

"ఎన్నాళ్లు బతికి ఉంటుంది?"

ఆ ప్రశ్న నేను బస్సులో అనుకున్నవాటిలో లేదు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. జవాబు మాత్రం నాకు తెలుసు, చదివినవాణ్ని కదా. అంత సన్నటి గాయం త్వరగా చంపదు.

"రెండు రోజులు" అన్నాను. "ఎక్కువే కావచ్చు."

ఈయన వచ్చేదాకా అది బతికుండాలనే కదా నేను ఆ గుండు ఏరి ఇచ్చింది.

హాజీ కాగితాన్ని మడతల మీదే మళ్లీ మడిచి, పక్కన పెట్టాడు. "నేను నా చేతి గురించి ఏడ్చాను" అన్నాడు. "నువ్వు నీ నౌకరీ గురించి ఏడ్చావు. మంచులో దాని సంగతి ఏమైందని ఎవరమూ అడగలేదు."

నేను గహ్వా తాగాను. కప్పు ఊపడం మర్చిపోయాను. ఆయన మళ్లీ పోశాడు.